పదిహేడో నంబరు బల్ల

మిషనమ్మకి ఒక సవతి ఉంది. ఆ సవతి కాపురం అయిదో అంతస్తులో. నలభై రెండు బల్లలు, నిలువెత్తు కిటికీలు, అద్దాలు తాపడం చేసిన స్తంభాలు, అదీ ఆవిడగారి సంపద. మనిషై ఉంటే మిషనమ్మ ఏనాడో మెట్లెక్కి వెళ్ళి జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చుకొచ్చేది. మనిషి కాదు, హోటలు. అదే వచ్చిన చిక్కు.

నవ్వుకుంటే నవ్వుకోండి. కట్టుకున్నవాణ్ణి ముప్ఫై ఏళ్ళపాటు పొద్దున తొమ్మిదింటికి లాక్కుని, సాయంత్రం వేళ మించిపోయాక పిప్పి చేసి ఇంటికి తోలేదాన్ని సవతి అనక ఇంకేమనాలి?

ఊరి నడిబొడ్డున ఉన్న ఆ అయిదంతస్తుల భవనాన్ని అందరూ పెద్దకొట్టు అనేవాళ్ళు. సూది నుంచి సోఫా దాకా అన్నీ ఒకేచోట దొరికే కొట్టు. కింది నాలుగు అంతస్తుల్లో కొనుక్కోవడం, అయిదో అంతస్తులో కూర్చుని తినడం. కొన్న సంచులు పక్కన పెట్టుకుని కిటికీ దగ్గర టీ తాగితే గానీ ఎవరికీ పెద్దకొట్టుకి వెళ్ళినట్టు ఉండేది కాదు. ఆ అయిదో అంతస్తుకి మిషనమ్మ మొగుడు హెడ్ వెయిటరు. కొట్టులో చిన్నా పెద్దా అందరికీ ఆయన హెడ్డుగారు. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టే పెళ్ళానికి మాత్రం ఉత్త 'ఏవండీ'.

అంత పేరున్న చోట మిషనమ్మ ఒక్కసారైనా కూర్చుని టీ తాగిందా అంటే, లేదు. 'సిబ్బంది కుటుంబ సభ్యులు భోజనశాలలో కూర్చోరాదు' అని వెనక మెట్ల దగ్గర గోడమీద నల్లరంగుతో రాసి ఉండేది. పెళ్ళయిన కొత్తలో ఆయన మర్చిపోయిన తెల్లకోటు పట్టుకుని ఒకసారి వెళ్ళింది. ఆ రాత ముందు నిలబడి, పైనుంచి వచ్చే చెంచాల చప్పుడూ ఎవరివో నవ్వులూ విని, కోటు గిన్నెలు కడిగే ఆవిడ చేతికిచ్చి తిరిగొచ్చేసింది. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

పోనీ ఇంటికొచ్చాకైనా ఆయన నోరు విప్పేవాడా? కుర్చీలో కూలబడితే 'ఊఁ', 'ఆఁ', మహా అయితే 'సరేలే'. నోటి ముత్యాలు రాలిపోతాయా అని ఆమె దెప్పితే, దానికీ 'ఊఁ'. నలభై రెండేళ్ళ కాపురంలో తన టీలో పంచదార ఎంతో ఆ మనిషికి తెలియదని మిషనమ్మ గట్టి నమ్మకం. ఊళ్ళోవాళ్ళ టీల సంగతి మాత్రం ఆయనకి కంఠతా వచ్చు.

పన్నెండేళ్ళ కిందట అయిదో అంతస్తు మూతపడింది. ఊరంతా అయ్యో అంది. మిషనమ్మ పీడా పోయిందనుకుని, అన్నాళ్ళూ దాచుకున్న నీలంరంగు గుడ్డ తీసి తనకోసం కొత్త గౌను కత్తిరించుకుంది. అప్పటినుంచీ ఆయన పొద్దస్తమానం ఇంట్లోనే. మాట్లాడకపోతే పోయె, కళ్ళెదుట ఉన్నాడు. ఆమెకి అదే చాలనిపించింది.

చాలనిచ్చారా? ఆ అంతస్తుని సరుకు దాచుకునే గోడౌను చేద్దామని కొత్త యజమాని అనుకుంటే, ఊళ్ళోవాళ్ళు ఊరుకోలేదు. మా పెళ్ళిచూపులు అక్కడే జరిగాయని ఒకరు, మా తాత అక్కడే సూపు తాగేవాడని ఒకరు, వేలమంది సంతకాలు పెట్టారు. చివరికి దాన్ని ఉన్నది ఉన్నట్టు బాగుచేసి మళ్ళీ తెరుద్దామని తేలింది. ఒకరోజు పొద్దున్నే ఆ పని చూస్తున్న ఇంజినీరమ్మాయి వీళ్ళ తలుపు తట్టింది.

"బాబాయిగారూ, పాత ప్లాను ఎక్కడా దొరకలేదండీ. ఉన్న ఫోటోలన్నీ నడిమి హాల్లో తీసిన విందులవే. ఏ బల్ల ఎక్కడుండేదో చెప్పగలిగేది మీరొక్కరే."

అంతే. కుర్చీలో ముడుచుకుని ఉన్న మనిషి లేచి నిలబడ్డాడు. ఎడమ మోచెయ్యి మడిచి, దానిమీద తువ్వాలు ఉన్నట్టు పెట్టి, ఆ అమ్మాయి కుర్చీకి కుడిపక్కకి జరిగాడు. మొదలెట్టాడు.

"ఒకటో నంబరు లిఫ్టు పక్కనమ్మా. తొందరలో ఉన్నవాళ్ళని అక్కడ కూర్చోబెట్టేవాణ్ణి. తొమ్మిది స్తంభం వెనక. ఎవరి కంటా పడకూడదనుకునే జంటలకి అది. ముప్ఫైమూడు దగ్గర గాలి ఎక్కువ, టోపీలు ఎగిరిపోయేవి. ఒకాయన టోపీ సూపులో పడింది, తెలుసా..."

గంటన్నర! పక్కగదిలో చొక్కాకి చెయ్యి అతుకుతున్న మిషనమ్మ వేల్లో సూది దిగింది. ఈయనకి మాటలు వచ్చా! ఇన్ని మాటలు ఎక్కడ దాచాడు ఇన్నేళ్ళూ? ముక్కూ మొహం తెలియని పిల్లకి గంటన్నర కథలు, కట్టుకున్నదానికి ఊఁ ఆఁలు! ఒళ్ళు భగ్గున మండింది ఆమెకి. టీ పట్టుకెళ్ళి ఆ అమ్మాయి ముందు పెట్టినప్పుడు కప్పు కంటే సాసరు ఎక్కువ నిండింది.

ఆ రోజునుంచీ ఇల్లు ఇల్లులా లేదు. అటకమీద పెట్టె దిగింది. పాత క్యాలెండర్ల వెనకవైపు బల్లలు, స్తంభాలు, కిటికీలు గోడల నిండా వెలిశాయి. పెట్టెలోంచి ఒక నల్లట్ట పుస్తకం కూడా బయటికొచ్చింది. దాన్ని అలవాట్ల పుస్తకం అనేవారట. రోజూ వచ్చేవాళ్ళకి ఏది ఇష్టం, ఏది పడదు అన్నది ప్రతి వెయిటరూ జేబు పుస్తకంలో రాసుకోవాలి. పేర్లు రాయకూడదు, ఎవరి చేతిలోనైనా పడొచ్చు కాబట్టి. బల్ల నంబరే పేరు.

ఆయన కొట్టుకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం మిషనమ్మ ఆ పుస్తకం తెరిచింది. ఊరికే చూద్దామని అనలేను, వెతుకుదామనే తెరిచింది. అందరికీ రెండేసి లైన్లు, మూడేసి లైన్లు. పదిహేడు దగ్గర పేజీ నిండిపోయి పక్క పేజీలోకి పాకింది.

'పదిహేడు. ఆవిడ గురువారం నాలుగింటికి. ఎడమ చెవి వినపడదు, కుడిపక్కన నిలబడాలి. పాలు విడిగా. కేకు మీది పెచ్చు తినరు, తీసి ఇవ్వాలి. వాన పడితే దిగులు. కిటికీ తెర సగం వెయ్యాలి. మాట్లాడించాలి.'

మాట్లాడించాలంట!

గురువారం. ఆ మాట దగ్గర మిషనమ్మ చెయ్యి ఆగిపోయింది. బుధవారం బుధవారం ఆయన కోటు తెచ్చి, "రేపటికి కాస్త గట్టిగా గంజి పెట్టు" అనేవాడు. మిగతా రోజులకి అడిగేవాడు కాదు, గురువారానికే. ఏళ్ళ తరబడి ఆ గంజి కలిపింది ఎవరు? ఆ కోటు ఇస్త్రీ చేసింది ఎవరు? కిటికీ పక్కన ఎవతో కూర్చుని కేకు తింటుంటే, ఆవిడ కంటికి నదురుగా కనపడటానికి ఈయన షోకు చేసుకోవడం, ఆ షోకుకి ఇంట్లో ఇది చాకిరీ చెయ్యడం! పుస్తకం ఠపీమని మూసేసింది.

సాయంత్రం కూతురు ఫోన్ చేస్తే కక్కేసింది. కూతురు పగలబడి నవ్వింది. "నాన్నకి డెబ్భై వస్తున్నాయమ్మా. ఇప్పుడు అనుమానమేంటి? అడిగెయ్యొచ్చుగా ఎవరావిడ అని."

"అడిగితే ఏమంటారో నాకు తెలీదా? ఊఁ అంటారు," అని ఫోన్ పెట్టేసింది.

నాలుగు రోజులకి ప్లాను కుదిరింది. పెద్ద కాగితం మీద నలభై రెండు బల్లలూ పెన్సిలుతో గీశాడు. ఈమధ్య ఆయన చెయ్యి వణుకుతోంది. కాగితం తెచ్చి మిషను పక్కన పరిచాడు. "ఇదిగో, సిరాతో దిద్దిపెడతావా? నీ గీత తిన్నగా ఉంటుంది."

ఇంకోరోజైతే ఆ మాటకి పొంగిపోయేది. బట్టలు కత్తిరించే చెక్క స్కేలు తీసి, కలం పట్టుకుని కూర్చుంది. ఒకటి, రెండు, మూడు. ఆయన వీధి అరుగుమీద కూర్చున్నాడు. పద్నాలుగు, పదిహేను, పదహారు. పదిహేడు తూర్పు మూల, కిటికీ పక్కన. మిగతావాటికన్నా దాని పెన్సిలు గీత నల్లగా ఉంది. రెండుసార్లు దిద్దినట్టున్నాడు. చక్కటి కిటికీ కూడా గీశాడు దాని పక్కన, సగం వేసిన తెరతో సహా.

ఆ తెర చూశాక ఇంక ఆగలేదు మిషనమ్మ. రబ్బరు తీసుకుని బల్లనీ, కుర్చీనీ, తెరనీ శుభ్రంగా తుడిచేసింది. పొట్టు ఊదేసింది. పక్కకి జరిగి పద్దెనిమిది దిద్దింది. భయం వేసిందా అంటే, లేదు. చెప్పొద్దూ, చాలా హాయిగా అనిపించింది. ఎక్కడ కూర్చుంటుందో కూర్చోనీ ఇప్పుడు, అనుకుంది.

ఆయన కాగితం విప్పి చూడనైనా లేదు. "నువ్వు దిద్దాక చూసేదేముంది," అని చుట్టచుట్టి పట్టుకెళ్ళాడు.

నెల తిరిగేసరికి బల్లలు తయారై వచ్చాయి. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పడానికి హెడ్డుగారు గడ్డం గీసుకుని, పాత బూట్లు తళతళలాడించుకుని బయల్దేరాడు. పొద్దున వెళ్ళిన మనిషి మధ్యాహ్నం కాకుండానే తిరిగొచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. కుర్చీలో కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడి బూట్లకేసి చూశాడు.

"ఇదిగో," అన్నాడు చివరికి, "పదిహేడు లేదు."

మిషనమ్మ కాలు మిషను తొక్కుడు చెక్కమీదే ఆగింది.

"తూర్పు మూలకి వెళ్ళాను. కళ్ళు మూసుకుని వెళ్ళగలను అక్కడికి. చెయ్యి చాపితే గాలి తగిలింది. ఇదేంటమ్మా అని ఆ ఇంజినీరమ్మాయిని అడిగితే, మీరిచ్చిన ప్లానే బాబాయిగారూ అని చూపించింది. అందులో లేదు. ఆ మూల నేల పుచ్చిపోతే కొత్త చెక్కలు వేశారు, గుర్తులు కూడా లేవు. కొన్నిచోట్ల కొన్ని నంబర్లు కలిసిరావని వదిలేస్తారుగా, మీరూ వదిలేసుంటారు అంది." బూట్లు విడిచి పక్కన పెట్టాడు. "నేనే గీశాను. నేనే ఇచ్చాను. నువ్వేమో ఉన్నది ఉన్నట్టు దిద్దావు, నీ గీత ఎప్పుడూ తప్పలేదు. అన్నయ్యకీ ఇలాగే మొదలైంది."

వాళ్ళ అన్నయ్య చివరి రెండేళ్ళూ సొంత ఇల్లు పోల్చుకోలేక పక్కింటి తలుపు తట్టేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అప్పుడే చెప్పేసి ఉంటే పోయేది. నాలిక తిరగలేదు. తిరగకపోగా, ఏం పుట్టిందో బుద్ధి, "ఎవరు కూర్చునేవారేంటి అక్కడ?" అని అడిగింది.

ఆయన అయోమయంగా చూశాడు. "ఎవరో కూర్చునేవారనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అదీ నా ఊహేనేమో."

ఆవిడ ఆయన బుర్రలోంచి కూడా తుడిచిపెట్టుకుపోయింది. మిషనమ్మ కోరుకున్నది అదే కదా? హమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేకపోయింది.

మర్నాడు హెడ్డుగారు ఇంజినీరమ్మాయికి ఫోన్ చేసి, నావల్ల కాదమ్మా, ఇంకెవరినైనా చూసుకోండి అని చెప్పేశాడు. నా రాతని నేనే నమ్మలేనంటూ క్యాలెండర్లన్నీ గోడలనుంచి దింపి, నల్లట్ట పుస్తకం విప్పనైనా విప్పకుండా, అన్నీ పెట్టెలో పడేశాడు. ఇక మొగుడు మొత్తం ఆమెవాడే. పొద్దున్నుంచి సాయంత్రందాకా కుర్చీలోనే. పెదవులు కదులుతూ ఉంటే దగ్గరికెళ్ళి వింది. ఒకటినుంచి నలభై రెండు దాకా లెక్కపెట్టుకుంటున్నాడు. పదహారు దగ్గర ఆగుతాడు. మళ్ళీ మొదటికొస్తాడు. గ్యాసు ఆపానా అని రెండుసార్లు లేచి చూస్తాడు. తాళంచెవి జేబులో ఉన్నా, ఉందా అని తడుముకుంటాడు. అలా పది రోజులు. ఆ పది రోజుల్లో ఆయన బుజాలు వంగిపోయాయి. ఆమెకి ఒక్క ముద్ద సయించలేదు.

పదకొండో రోజు పొద్దున ఆయన తన చొక్కాలన్నీ బొత్తి పేర్చి తెచ్చి మిషను మీద పెట్టాడు. పైన ఆ పాత తెల్లకోటు.

"వీటన్నిటికీ లోపల ఒక్కో పట్టీ కుట్టిపెట్టు," అన్నాడు. "ఇంటి నంబరు, వీధి పేరు, నీ ఫోను నంబరు. ఎక్కడైనా తప్పిపోతే ఎవరో ఒకరు తెచ్చి దింపుతారు. నిన్ను చూసి పోల్చుకోలేకపోయినా ఏమనుకోకు."

ఇంత దగ్గరి మాట ఆయన ఆమెతో అన్నది ఎప్పుడో ఆమెకి గుర్తులేదు. తెల్లగుడ్డ పట్టీ కత్తిరించింది. నీలం దారం ఎక్కించి ఇంటి నంబరు మొదలెట్టింది. రెండంకెలు పడ్డాయి. మూడో అంకె దగ్గర కళ్ళు మసకేసి సూది ఎక్కడ దిగుతోందో కనపడలేదు.

"పదిహేడు ఉంది," అంది.

"ఆఁ?"

"ఉందండీ. తూర్పు మూల, కిటికీ పక్కన. మీరు గీశారు. నేనే చెరిపేశాను."

"అయితే నాకు మతి పోలేదా?"

"మీకు పోలేదు. పోయింది నాకు."

చొక్కాల బొత్తిలో మొహం దాచుకుని ఏడ్చేశాడు పెద్దమనిషి. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వెయ్యబోయి ఆగింది. వేసే మొహం లేదు. కాసేపటికి ఆయనే తలెత్తాడు. "ఎందుకు?"

అంతే, కట్ట తెగింది. "ఎందుకా? గురువారం గురువారం గంజి కోటు ఎవరికండీ? కేకు పెచ్చు తీసి ఎవరికిచ్చారు? వానొస్తే ఆవిడకి దిగులంట! మాట్లాడించాలంట! నాకు దిగులు లేదా? నన్ను మాట్లాడించారా ఏనాడైనా? మీరు నాతో మాట్లాడిందంతా రాస్తే ఆ నల్ల పుస్తకంలో అర పేజీ నిండదు! ఎవరండీ ఆవిడ?"

ఆయన నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు. ఆ మాట గొంతుదాకా వచ్చినట్టే వచ్చి వెనక్కిపోయింది. ఎప్పుడూ ఇంతే. లేచి, తెల్లకోటు బుజాన వేసుకుని పెద్దకొట్టుకి వెళ్ళిపోయాడు.

ఆమె కూడా వెనకాలే వెళ్ళి, ఇంజినీరమ్మాయిని బయటికి పిలిచి తన నోటితో తనే చెప్పుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది, అయినా చెప్పింది. ఆ అమ్మాయి నోరు వెళ్ళబెట్టి, "పిన్నిగారూ!" అని, ఆ తర్వాత మాట దొరక్క వడ్రంగికి ఫోన్ చేసింది. ప్రారంభం గురువారం. మధ్యలో మూడు రోజులున్నాయి. ఆ మూడు రోజులూ హెడ్డుగారు ఇంట్లో 'ఊఁ' కూడా అనలేదు. బుధవారం మిషనమ్మ ఎవరూ అడక్కుండానే కోటుకి గట్టిగా గంజి పెట్టింది. మర్నాడు ఆయన దాన్ని తొడుక్కుని వెళ్ళాడు, ఆమె వైపు చూడకుండా.

గురువారం సాయంత్రం నీలం గౌను వేసుకుని, పెళ్ళయిన కొత్తలోలాగే వెనక మెట్లవైపు నడిచింది. గోడమీద ఆ పాత రాత అలాగే ఉంది. ఉండటమే కాదు, దానికి అద్దం బిగించారు! ఉన్నది ఉన్నట్టు భద్రం చెయ్యడమంటే ఇదా అని ఒళ్ళు మండి, అద్దం మీద వేలితో ఒక్కటి కొట్టి మెట్లెక్కింది.

పైకెళ్ళాక కాసేపు కదలలేకపోయింది. సవతి అందగత్తె, ఆ మాట ఒప్పుకోవాలి. కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ వచ్చి అద్దాల స్తంభాలమీద పడి హాలంతా పరుచుకుంది. తెల్లటి బల్లగుడ్డలు. ఆ చెంచాల చప్పుడు, నలభై రెండేళ్ళ కిందట కిందనుంచి విన్నదే. బల్లల మధ్య హెడ్డుగారు తిరుగుతున్నాడు. వంగిన బుజాలు ఏమయ్యాయో! ఒకచోట వంగి, ఒకచోట నవ్వి, ఒకచోట ఏదో చెప్పి, నీళ్ళల్లో చేపలా తిరుగుతున్నాడు. ఇంట్లో ఉండేది ఈయన కాదు. తనకి ఇన్నాళ్ళూ దక్కింది ఈయన మిగులు.

సరిగ్గా నాలుగింటికి లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఎనభై దాటిన ముసలావిడ, చేతికర్ర, బూడిదరంగు టోపీ. హెడ్డుగారు ఎదురెళ్ళి, ఆవిడ కుడిపక్కన నడుస్తూ తూర్పు మూలకి తీసుకెళ్ళాడు. కుర్చీ లాగాడు. తెర సగం వేశాడు. ఆవిడ బల్ల అంచుని చేత్తో తడిమి, "ఇక్కడే ఉందే," అంది పెద్దగా. ఆ మాటకి మిషనమ్మ తల దించుకుంది.

తల ఎత్తేసరికి ఆయన ఆవిడ కుడిచెవి దగ్గర వంగి ఏదో చెబుతున్నాడు. ఆవిడ కర్ర ఎత్తి ఇటువైపు ఊపింది. "నువ్వేనా అమ్మా, మిషను కుట్టే ఆవిడవి? రా, ఇటు రా. కుడిపక్కకి. ఎడమ చెవి..."

"వినపడదు, తెలుసండీ," అనేసి నాలిక కరుచుకుంది మిషనమ్మ.

హెడ్డుగారు కేకు తేవడానికి వెళ్ళాడు. ఆవిడ మిషనమ్మ చెయ్యి దొరకబుచ్చుకుని, చూపుడువేలు కొసమీద సూది పోట్ల గరుకు తడిమి చూసింది. "ఇదేనన్నమాట. మావారు పోయాక ఇంట్లో గోడలు తప్ప మాట్లాడే దిక్కు లేదు నాకు. గురువారం గురువారం ఇక్కడికొచ్చి కూర్చునేదాన్ని. ఒకసారి మాటవరసకి, మీ ఇంట్లో ఆవిడ ఎలా ఉన్నారు అని అడిగాను. ఇక చూస్కో! ఇరవై రెండేళ్ళు చెప్పాడు."

"నా గురించా? ఏం చెప్పారు?"

"ఏం చెప్పలేదు కనక! ఒంట్లో జ్వరం పెట్టుకుని ఒక్కరోజులో పదకొండు బడిగౌన్లు కుట్టావట. సూదిలో దారం ఎక్కించేటప్పుడు నాలిక కొస బయటపెడతావట. దారం పళ్ళతో తెంపొద్దంటే వినవట. కోటు తొడుక్కుని రాగానే చెయ్యి చాపి, ఈ గంజి చూడండి, మా ఆవిడ పెట్టింది అనేవాడు. నాకు చూపు ఆనదు, పట్టుకుని చూసేదాన్ని. మీ అమ్మ పోయినప్పుడు తొమ్మిది రోజులు కంట తడి పెట్టలేదట నువ్వు. పదోరోజు మిషనులో దారం చుట్టే బాబిన్ కనపడలేదని వెక్కి వెక్కి ఏడ్చావట. అవునా?"

మిషనమ్మ తల ఊపింది.

"అది ఆయన జేబులోనే ఉందట. కింద దొరికితే తీసి పెట్టాడు. ఇచ్చేస్తే నీ ఏడుపు ఆగిపోతుందని, ఏడవనీ అని, ఇవ్వకుండా వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడట." ఆవిడ చెయ్యి వదలలేదు. "చెప్పకూడదు గానీ, నీమీద కుళ్ళుకున్నంత నేను ఇంకెవరిమీదా కుళ్ళుకోలేదమ్మాయ్. మావారు ఇరవై ఏళ్ళ కాపురంలో నా గురించి ఎవరితోనైనా ఇలా ఒక్క మాట అన్నారా? కొన్ని గురువారాలు ఇంటికెళ్ళి ఏమీ తినకుండా పడుకునేదాన్ని. మళ్ళీ గురువారం రాగానే, ఎలా ఉన్నారు మీ ఆవిడ అని నేనే అడిగేదాన్ని."

మిషనమ్మకి సంతోషం కలిగిందా అంటే, కలిగింది. కళ్ళు రెండూ నిండాయి. కానీ ఆ కన్నీళ్ళు చెంపమీదికి జారేలోపలే లోపల ఇంకోటి అంటుకుంది. ఇవన్నీ తనతో కదా చెప్పాలి! గంజి తనది, బాబిన్ తనది, ఏడుపు తనది. అవన్నీ ఇరవై రెండేళ్ళపాటు కేకుతోపాటు ఆవిడకి వడ్డించి, ఇంటికొచ్చి తనకి ఊఁ పెట్టాడా? ఆవిడ కుళ్ళుకోవడమేమిటి, కుళ్ళుకోవాల్సింది తను కాదూ!

అయిదున్నరకి ఆవిడ వెళ్ళిపోయింది. ఒక్కో బల్లా ఖాళీ అయింది. మిషనమ్మ కదల్లేదు. వెళ్ళి పదిహేడో నంబరు కుర్చీలో, ఆవిడ కూర్చున్న కుర్చీలోనే, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

హెడ్డుగారు వచ్చి కుడిపక్కన నిలబడ్డాడు.

"టీ," అంది ఆమె, కిటికీలోకి చూస్తూ.

తెచ్చాడు. కప్పులో పోశాడు. పంచదార గిన్నె మూత తీశాడు.

"రెండు."

"రెండని చెబుతారు గానీ," అన్నాడు హెడ్డుగారు, "మీరు వేసుకునేది చెంచాన్నరేనండీ."

నాలుగు రోజుల తర్వాత మొదటి మాట. అందులోనూ, మీరు! ఆమె తలతిప్పి చూసింది. ఎడమ మోచెయ్యి మడిచి ఉంది. దానిమీద తువ్వాలు ఉంది. ఆ మొహంలో ఇంట్లో కుర్చీలో కూర్చునే మనిషి లేడు. చెంచాన్నర వేసి, కలిపి, వెనక్కి తిరగబోయాడు.

"ఆగండి," అంది మిషనమ్మ. "మీ ఇంట్లో ఆవిడ ఎలా ఉన్నారు?"

ఆయన ఆగాడు. తువ్వాలు సర్దుకున్నాడు. ఆమె కుడిచెవి వైపు కొంచెం వంగాడు.

"ఏం చెప్పమంటారు. ఈమధ్య నామీద కోపంతో ఒక బల్ల మాయం చేసింది. నాకు మతి పోయిందనుకుని పది రోజులు చచ్చాను."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చిందండీ. ఇంకా పోలేదు. తిడదామంటే, కూర్చుంటే నాకు నోరు పెగలదు. అది ఆవిడకి తెలియదు." తువ్వాలు ఇంకోసారి సర్దుకున్నాడు. "తప్పిపోతే ఇల్లు చేరడానికి పట్టీ కుట్టమన్నాను. రెండంకెలు కుట్టి, ఇంక కుట్టలేక నిజం చెప్పేసింది. ఆ పట్టీ అలాగే మిషను మీద పడుంటే, నేను తీసి దాచుకున్నాను."

కోటు పైజేబులోంచి తీసి బల్లమీద పెట్టాడు. తెల్లటి పట్టీ, నీలం దారంతో రెండంకెలు, మూడోదాని మొదటి కుట్టు, దానికి వేలాడుతున్న సూది.

"సగం పట్టీ ఎందుకండీ మీకు? దాంతో ఎవరూ ఇల్లు చేర్చలేరు."

"తెలుసండీ," అన్నాడు. "ఆవిడ నాకోసం ఏడుస్తూ కుట్టింది అది."

టీ మీద మీగడ కట్టింది. మిషనమ్మ ముట్టుకోలేదు. అవతల దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతున్నారు. ఆమె కుర్చీని కొంచెం ఆయన వైపు జరుపుకుంది.

"ఇంకా?" అంది.